ఊరంత సంతకం

ముందే ఒప్పేసుకుంటే మంచిది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. అబద్ధమాడను గానీ, నిజాన్ని వడ్డించేటప్పుడు నా చెయ్యి కొంచెం ధారాళం. నేను చెప్పినదాంట్లో స్నేహితులు సగం తీసేసి వింటారు. మా ఆవిడ ముప్పాతిక తీసేస్తుంది. వీధిలో వరదొచ్చిందని నేను కేకలేస్తే, ఆమె నింపాదిగా లేచి దండెం మీది చీర ఒక్కటి తీసి లోపల వేసుకుంటుంది. కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరిన మీరు నన్నింకా ఎరగరు కాబట్టి, మూడోవంతు తీసేసి వినండి, చాలు. అయితే ఒక్కచోట మాత్రం నేను పెంచలేదు, మార్చాను. అదెక్కడో చివర్లో నేనే చెప్తాను. ఈలోగా మీరు కనిపెడితే మీరు పంతులు కాదు, పోలీసులో చేరాల్సినవాళ్లు.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడి కర్నూలు రాజధాని అయిన రోజులు. ఆళ్లగడ్డ బోర్డు బడికి నన్ను హెడ్మాస్టరుగా వేశారు. ఇరవై ఏడేళ్లవాడిని. హెడ్మాస్టరంటే కుర్చీలో కూర్చుని గంట కొట్టించే ఉద్యోగం అనుకుని వెళ్లాను. తీరా చూస్తే గంట కొట్టేవాడినీ నేనే, కుర్చీకి మేకు కొట్టేవాడినీ నేనే.

బడికి రెండు గదులు. ఒకదానికి మిద్దె, అంటే పైకప్పు, ఉండేది. రెండోదానికి మిద్దె తాలూకు జ్ఞాపకం ఉండేది. అంతకు ముందరి వానల్లో ఆ మిద్దె కూలింది. ఆదివారం కూలింది గనక సరిపోయింది, సోమవారమైతే ఈ ముచ్చట్లు నేను మీకు ఇలా నవ్వుతూ చెప్పేవాడిని కాదు. దాంతో అయిదు తరగతులూ ఒక్క గదిలోకి వచ్చి పడ్డాయి. అయిదు తరగతులు, ముగ్గురు పంతుళ్లు, ఒక్క నల్లబల్ల. రెండో తరగతి ఎక్కాలు చదువుతుంటే అయిదో తరగతి పద్యం మధ్యలో "పదమూడార్లు డెబ్బయ్యెనిమిది" అని దొర్లేది. ఆకాశంలో మబ్బు కమ్మితే, ఉన్న మిద్దె కూడా కూలుతుందేమోనని, పిల్లల్ని ఇంటికి పంపేసేవాళ్లం. ఒక ఏడాది మా ఊళ్లో వాన తక్కువ పడి పిల్లలు చదువుకున్నారంటే నమ్మండి.

మిద్దె కోసం సర్కారుకు రాశాను. నూట యాభై అర్జీలు రాశాను. (తీసేయండి, పదకొండు.) అడగడానికి నాకే కొంచెం సిగ్గేసేది. కర్నూల్లో సాక్షాత్తూ ప్రభుత్వమే డేరాల్లో కాపురం ఉండేది. ఆఫీసర్లు గుడ్డ కింద కూర్చుని, గాలికి ఫైళ్లు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టుకుని పనిచేస్తుంటే, మా బడికి బండల మిద్దె కావాలని ఏ మొహంతో అడగను? అయినా చివరికి జవాబొచ్చింది. సగం ఊరు వేసుకుంటే సగం సర్కారు కలుపుతుంది. ఊరి వాటాను మార్చి నెలాఖరులోగా ఖజానాలో కట్టి రసీదు చూపాలి. చూపకపోతే మాకు రాసిపెట్టిన డబ్బు వెనక్కి పోతుంది. మళ్లీ అర్జీలు, మళ్లీ ఏడాది, మళ్లీ వాన.

ఇక్కడ మా పెద్దాయన రంగంలోకి వస్తాడు. బడి కమిటీకి ప్రెసిడెంటు ఆయనే. అరవై దాటిన సేద్యగాడు. జొన్న, శనగ పండించేవాడు. ఆయన మీసం ఎంతటిదంటే, మీసం గడప దాటి లోపలికొచ్చి, అందరినీ పలకరించి, మంచినీళ్లు పుచ్చుకున్నాక ఆయన వచ్చేవాడు. పిల్లలు చదువుకోవాలనే పిచ్చి ఆయనకు ఎందుకు పట్టిందో అప్పటికి నాకు తెలీదు. ఆ జవాబు వచ్చింది మొదలు ఇల్లిల్లూ తిరిగాడు. ఆయన వీధి మొదట్లో కనబడితే మగవాళ్లు పెరటి దోవన పొలాలకు పోయేవాళ్లు. ఆయన పొలాలకే వెళ్లి గట్టున కూర్చునేవాడు. "ఏమప్పా, బడికి ఏమిస్తాండావ్?" అని అడిగి, ఇచ్చేదాకా లేచేవాడు కాదు. మొత్తానికి మార్చి నాటికి ఊరి వాటా పోగైంది. అదెంతో చెప్పను. చెప్పిన ప్రతిసారీ ఒక అంకె చెప్పాను గనక అసలుది నాకే సందేహం.

పోగవుతున్న డబ్బు ఊళ్లో ఎవరింట్లో పెట్టినా మిగతా ఊరికి నిద్రపట్టదు. అందుకని మొదట్లోనే నంద్యాలలోని ఒక పెద్ద బ్యాంకులో, ప్రెసిడెంటు, సెక్రటరీ ఇద్దరి సంతకాలతో ఖాతా తెరవాలని కమిటీ తీర్మానించింది. సెక్రటరీని నేను. నాకు సంతకం వచ్చు. ప్రెసిడెంటుకు రాదు.

"రాకపోతే నేర్చుకుందాంలే అయివోరూ," అన్నాడు పెద్దాయన. "గిత్త కోడెకు కాడి నేర్పినా. ఈ చేతి ఏళ్లకు కలం నేర్పలేనా?"

అప్పట్లో సాయంత్రాలు బడి వసారాలో పెద్దవాళ్లకు అక్షరాలు చెప్పేవాడిని. ఆయన వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పేరు మూడక్షరాలు. ఆ మూడక్షరాలకు నెలన్నర పట్టింది. ఆ వేళ్లు నాగలి మేడి పట్టుకోవడానికి పుట్టినవి. బలపాన్ని పట్టుకుంటే బలపం పొడైపోయేది. సర్కారు ఇచ్చిన బలపాలు అయిపోతే నేను జీతంలోంచి కొన్నాను. ఒకటి కాదు, బండెడు. సరే, రెండు డజన్లు.

మూడో అక్షరం కుదిరిన మర్నాడే నంద్యాల వెళ్లి ఖాతా తెరిచాం. నమూనా సంతకం కార్డు మీద ఆయన మొట్టమొదటిసారి సిరాతో తన పేరు రాశాడు. మొదటి అక్షరం కాలు విరిగిన గాడిదలా పడుకుంది. రెండోది తోక ఎత్తిన తేలు. మూడోది ఎండలో మర్చిపోయిన వంకాయ. రాయడం ముగిసేసరికి గుమాస్తా భోజనానికి వెళ్లి తిరిగొచ్చాడు. పెద్దాయన కార్డును పైకెత్తి చూసుకుని, "ఇది నేనేనా అయివోరూ?" అన్నాడు. నేను అవునన్నాను. నా ఉద్యోగంలో నేను గర్వంగా ఛాతీ విరుచుకున్న మొదటి రోజది. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

ఊరుకోలేదు. తప్పు నాదే, వినండి. మూడక్షరాలు రాగానే ఆయనకు ఆకలి పెరిగింది. ఇంటిపేరు నేర్పమన్నాడు. నేర్పాను. దాన్ని సంతకానికి ముందు తగిలించాడు. తండ్రి పేరు నేర్పమన్నాడు. నేర్పాను. అదీ తగిలించాడు. అప్పుడు నేను, ఎవరూ అడక్కుండానే, వసారాలో ఒక ఉపన్యాసం ఇచ్చాను. "సంతకమంటే మనిషి. మనిషన్నాక ఊరుండదా? తాలూకా ఉండదా?" పెద్దాయన తల ఊపాడు. మర్నాటి నుంచి ఆయన సంతకం ఇంటిపేరుతో మొదలై, తన పేరు మీదుగా, తండ్రిని పలకరించి, ఆళ్లగడ్డలో ఆగి, తాలూకా పొలిమేర దాకా వెళ్లి, అక్కడ ఒక గీత గీసుకుని విశ్రమించేది. రెండు వరసలు. గాదె మీద రాశాడు. నాగలి మీద రాశాడు. సుద్దతో ఎద్దు కొమ్ముల మీద రాశాడు. తండ్రి ఒక కొమ్ము మీద, ఊరు ఇంకో కొమ్ము మీద వచ్చాయి. అక్షరాలు ముత్యాలనను, ముత్యాలు చిన్నవి. నిమ్మకాయలు. గుండ్రంగా, నిండుగా, ఒకదానికొకటి ఆనుకోకుండా. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, నా భుజం తట్టి, ఈ చేతిరాత పంతుళ్లకు కూడా లేదన్నాడు. ఎవరి చేతిరాతను చూసి ఆ మాట అన్నాడో నేను అడగలేదు.

మార్చి ఆఖరి వారంలో డబ్బు తీయడానికి నంద్యాల వెళ్లాం.

పెద్ద బ్యాంకుల గురించి మీకొక్క ముక్క చెప్పాలి. బ్యాంకు ఎంత పెద్దదైతే కిటికీ అంత చిన్నది. మా బ్యాంకు గోడలు కోట గోడలు, తలుపులు ఏనుగులు పట్టే తలుపులు. డబ్బిచ్చే కిటికీ మాత్రం పిట్టగూడంత. దాంట్లోకి మాట్లాడాలంటే నడుం వంచాలి. మనం డబ్బు వేసేటప్పుడు మన మొహం ఎవరూ చూడరు. తీసేటప్పుడు మాత్రం మన తాత మొహం కూడా పోల్చి చూస్తారు.

కిటికీ వెనక గుమాస్తా. సన్నటి మనిషి. కళ్లద్దాలు ముక్కు చివర ఉండేవి. ఆయన మా చెక్కు తీసుకుని, కార్డు తెప్పించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి, జొన్నరొట్టె అంత భూతద్దం తీశాడు.

"ఇదేమిటండీ?" అన్నాడు.

"సంతకం," అన్నాను.

"సంతకమా, చిరునామానా? దీనికి తపాలా బిళ్ల అంటించి డబ్బాలో వేస్తే నేరుగా మీ ఇంటికే చేరేట్టుంది."

పెద్దాయన నడుం వంచి కిటికీలోకి మొహం పెట్టాడు. మీసం సగమే పట్టింది. "నాదేనప్పా. నేనే రాసినా. ఆ కార్డూ నాదే. అప్పుడు నాకు ఇంతే వచ్చు. ఇప్పుడు ఇంత వచ్చు."

"మాకు అప్పటిదే కావాలి."

సరే, ఇంకో చెక్కు రాసి, మూడక్షరాలే పెట్టమన్నాను. పెట్టాడు. మూడు నిమ్మకాయలు. గుమాస్తా భూతద్దంలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది ఆ చెయ్యి కాదు."

"ఆ చెయ్యే సామీ. రవ్వంత చదువుకునింది, అంతే."

మేనేజరు దగ్గరికి పంపారు. మద్రాసు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. నల్లకోటు. మార్చి ఎండలో నంద్యాలలో నల్లకోటు వేసుకున్నవాడిని చూస్తే నాకు సగం భయం, సగం జాలి కలిగాయి. ఆయన మర్యాదగానే చెప్పాడు. నమూనా మార్చాలంటే అర్జీ పెట్టుకోవాలి, అది మద్రాసులోని పెద్దాఫీసుకు వెళ్లి రావాలి, మూడు వారాలు. లేదా పాత నమూనాతో సరిపోయే సంతకం తన కళ్ల ముందే పెట్టాలి. లేదా ఇంకొక దోవ ఉంది.

"వీరికి చదువు రాదని ఒక కాగితం రాసి, వేలిముద్ర వేస్తే, ఇద్దరు సాక్షులను పెట్టుకుని ఇప్పుడే ఇచ్చేస్తాము."

పెద్దాయన తలగుడ్డ సర్దుకుని బయటికి నడిచాడు. తిరుగు బస్సులో సిరివెళ్ల దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "మా నాయన ఒక కాగితం మీద బొటనేలు నిశానీ ఏసినాడు," అన్నాడు. "దాంట్లో ఏముండాదో సచ్చేవరకూ ఆయనకు తెలీలే. మాకు తెలిసే తలికి నల్లరేగడి చేను ఆ కాగితం రాయించుకున్నోండ్లదైపోయింది."

ఖజానా గడువుకు అయిదు రోజులున్నాయి. ఆ అయిదింట్లో మూడు రోజులు నేను నా ఉద్యోగ జీవితంలో మళ్లీ ఎన్నడూ చెయ్యని పని చేశాను. నేర్పినదాన్ని మరిపించడానికి పాఠం చెప్పాను.

"గాడిద కాలు విరగాల, పెద్దాయనా. ఇంగా వంకరగా."

"ఇట్లనా?"

"అది సక్కగుండాది."

"నేనేం జేతు? అది సక్కగనే వస్తాంది."

కళ్లు మూసుకుని రాయమన్నాను. నిమ్మకాయలే. నిలబడి రాయమన్నాను. గోడ మీద నెత్తికి పైన పలక పెట్టి రాయమన్నాను. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని రాయమన్నానని మా ఊళ్లో చెప్పుకుంటారు గానీ, ఆ పుకారు పుట్టించింది నేనే, కాబట్టి తీసేయండి. ఎట్లా రాసినా నిమ్మకాయలే. చివరికి ఆయన బలపం కింద పెట్టేశాడు.

"ఎనిమిది నెలలు నేర్పి మూడు దినాల్లో మర్సిపొమ్మంటే ఎట్లయ్యా అయివోరూ? ఎద్దుకు సాలు నేర్పినంక అది వంకర దున్నమంటే దున్నుతుందా? నన్ను చూసి అది నవ్వదా?"

వసారాలో ఉన్న తక్కిన విద్యార్థులు, అందరూ ఆయన ఈడువాళ్లే, పలకలు వెనక దాచుకున్నారు. బాగా రాస్తే ఏం కష్టాలొస్తాయో అని వాళ్ల భయం.

నాలుగో రోజు మళ్లీ బస్సెక్కాం. మర్నాడే ఖజానాకు ఆఖరి రోజు. ఆ రోడ్డు సంగతి చెప్తే మూడోవంతు కాదు, మొత్తం తీసేస్తారు గానీ, ఒక్కమాట: ఆ బస్సులో ఎక్కేటప్పుడు పాలు పోసుకుంటే దిగేటప్పుడు వెన్న తీసుకోవచ్చు. కుదుపులకు నాకొక ఆలోచన తట్టింది. పెద్దాయన ఒళ్లో అట్ట పెట్టి, కాగితం పెట్టి, రాయమన్నాను. బస్సు గుంటలో పడింది. గాడిద కాలు విరిగింది! ఇంకో గుంటకు తేలు తోకెత్తింది. వంకాయ అయితే కార్డులోదానికి కవల. అచ్చం అదే సంతకం. నేను ఆనందంతో కేకేశాను. పక్క సీట్లో కోడిపుంజు కూడా కేకేసింది.

"ఏం లాభమయ్యా," అన్నాడు పెద్దాయన. "బస్సు బ్యాంకులోకి పోదు గదా."

నిజమే. మేనేజరు కళ్ల ముందు పెట్టాలి. మేనేజరు బల్ల టేకు బల్ల. నలుగురు తోసినా కదలదు.

పన్నెండు దాటాక బ్యాంకు చేరాం. రెండింటికి కిటికీ మూస్తారు. మేనేజరు బయటికొచ్చి గుమాస్తా పక్కన నిలబడ్డాడు. మమ్మల్ని కిటికీ దగ్గర కాకుండా పక్కనున్న బల్ల దగ్గర నిలబెట్టారు. లోపలున్న జనమంతా మూగారు. నంద్యాల పత్తి వ్యాపారులు, బేతంచెర్ల నుంచి వచ్చిన బండల గని యజమాని ఒకాయన, బంట్రోతు. మొత్తం నాలుగు వేలమంది. అంటే పధ్నాలుగు.

మొదటి ప్రయత్నం. పెద్దాయన ఊపిరి బిగబట్టి మూడక్షరాలు పెట్టాడు. నిమ్మకాయలు. రెండో ప్రయత్నం. చెమట కారి సిరా అలుక్కుంది. అలుక్కున్నా నిమ్మకాయలే. చిత్తుకాగితాల మీద ఇంకో అయిదుసార్లు రాశాడు. గుమాస్తా గోడ గడియారం వంక చూశాడు. ఒంటిగంటా నలభై.

అప్పుడు జరిగింది. గుమాస్తా బల్ల సొరుగులోంచి ఒక ఇంకు డబ్బా తీసి, మూత తెరిచి, పెద్దాయన ముందుకు తోశాడు. వేలిముద్రకు వాడే ఊదారంగు మెత్త. "అయ్యా, టైము లేదు. వెయ్యండి. ఒక్క వేలే కదా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

పెద్దాయన ఆ మెత్త వంక చూశాడు. ఎంతసేపు చూశాడో నేను పెంచి చెప్పలేను. అప్పుడా క్షణం ఎంత పెద్దగా ఉందో ఇప్పుడూ అంతే ఉంది. బొటనవేలిని మిగతా వేళ్లతో కప్పేసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవురికి తెలుస్తాదా?" అన్నాడు మెల్లిగా. "నాకు తెలుస్తాది. నాకు చదువు రాదని రాసిచ్చి, ఆ దుడ్లతో బడి కడతానా? ఆ మిద్దె కింద పిలకాయల్ని కూసోబెట్టి, చదువుకోండ్రా అని ఏ నోటితో చెప్తా?"

నేను గోడ మీది క్యాలెండరు వంక చూస్తున్నాను. పెద్దాయన తన కుడిచేతిని ముందు పెట్టుకుని, తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఎడమచేతిని చూసుకున్నాడు. మీసం ఒక పక్క లేచింది.

"అయివోరూ," అన్నాడు, "నువ్వు చదువు చెప్పింది ఈ చేతికే గదా?"

"అవును."

"ఈ యడమదానికి చెప్పలేదు గదా?"

"లేదు."

"అట్లయితే అది ఇంగా మొదటి దినంలోనే ఉండాది."

కలాన్ని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. శుభమా అని బడి పని చేస్తూ ఎడమచెయ్యి వాడడమేమిటని ఒక్క క్షణం ఆగాడు. పైకి చూసి, "ఏమనుకోవద్దు సరస్వతమ్మా, కుడిదాన్ని బ్యాంకోళ్లు ఒప్పుకోలే," అని చెప్పుకుని, చెక్కు మీద వంగాడు.

గాడిద కుంటుతూ వచ్చి పడుకుంది. తేలు వచ్చి తోకెత్తింది. వంకాయ ఎండలో పడింది. ఎనిమిది నెలల కిందట మాకు కనిపించిన ఆ ముసలి మొదటి తరగతి విద్యార్థి అట్లాగే, చెక్కుచెదరకుండా, ఆ ఎడమచేతిలో కూర్చుని ఉన్నాడు.

గుమాస్తా భూతద్దం పెట్టాడు. కార్డు చూశాడు, చెక్కు చూశాడు. భూతద్దాన్ని మేనేజరుకిచ్చాడు. మేనేజరు చాలాసేపు చూశాడు. కోటు గుండీ ఒకటి విప్పుకున్నాడు. "ఇది మీ సంతకమేనా?" అన్నాడు.

"చెయ్యి నాదే సామీ. రెండూ నాయే."

మేనేజరు నవ్వాడు. ఆ బ్యాంకు కట్టినప్పటి నుంచి అందులో ఎవరూ నవ్వి ఉండరు. పైకప్పులోంచి పావురాలు లేచిపోయాయి. చెక్కు మీద తన సంతకం పొడిచాడు. ఒంటిగంటా యాభై రెండు.

డబ్బు చేతికొచ్చింది. నేను సంచిలో పెట్టుకుని బస్సు కోసం ఉరకబోయాను. పెద్దాయన కదల్లేదు.

"ఇంగొక కార్డు ఇయ్యి సామీ."

"ఎందుకు?"

"ఆ పాత మనిషి పేరు మీద పని అయిపోయింది. ఇప్పటి మనిషి పేరు రాసుకోండి. మద్రాసు పోనీ, ఢిల్లీ పోనీ. మూడు వారాలు కాదు, మూడేండ్లు పట్టనీ."

మేనేజరు తానే కొత్త కార్డు తెచ్చి, కుర్చీ లాగి, పెద్దాయనను కూర్చోబెట్టాడు. ఆ రోజుల్లో ఆ బ్యాంకులో పంచె కట్టినవాడికి కుర్చీ వేయడం నేను చూడలేదు. పెద్దాయన కుడిచేత్తో ఇంటిపేరు మొదలుపెట్టాడు. కార్డులో సంతకానికి ఇచ్చిన గడి చిన్నది. ఆయన పేరు గడి దాటింది. తండ్రి పేరు అంచు దాకా వెళ్లింది. ఆళ్లగడ్డ కార్డు వెనక్కి తిరిగింది. తాలూకాకు స్థలం చాలక మేనేజరు ఇంకో కార్డు జోడించి గుండుసూది గుచ్చాడు. మూసే వేళ దాటిపోయినా కిటికీ మూయలేదు. పత్తి వ్యాపారులు ఇంటికి పోలేదు. బేతంచెర్ల బండలాయన వంగి ఆ అక్షరాలు చూసి, "మీ బడికి బండలు నేనిస్తానప్పా, మోత కూలి మీరు పెట్టుకోండి," అన్నాడు. ఇది మాత్రం పెంచలేదు. ఇచ్చాడు కూడా.

మర్నాడు ఖజానాలో కట్టాం. రసీదు కర్నూలు డేరాలకు వెళ్లింది. సర్కారు తన సగం ఆరు నెలలు ఆలస్యంగా పంపింది, పంపిందన్నదే గొప్ప. ఆ సగం వచ్చేలోగానే, వానలకు ముందే, బండల కొలత సరిచూసి, అప్పు మీద తెచ్చిన దూలాలెక్కించి మిద్దె కప్పేశాం. మా బడి మిద్దె ఎంత గట్టిదంటే, దాని కింద పిల్లలు నిలబడి ఉరుమును వెక్కిరించేవాళ్లు. ఆ ఏడాది వాన జోరున కురుస్తుంటే నేను నల్లబల్ల ముందు నిలబడి, పిల్లల్ని ఇంటికి పంపకుండా, గొంతు చించుకుని భూగోళం చెప్పాను. నా గొంతు వాళ్లకు వినబడలేదు. నాకూ వినబడలేదు. అయినా నేను చెప్పిన పాఠాలన్నింట్లో నాకు నచ్చిన పాఠం అదే.

గోడకు చివరి సున్నం పూత పడ్డ రోజు, అది ఆరకముందే పెద్దాయన వచ్చి చూపుడువేలితో సంతకం చేశాడు. ఇంటిపేరు నుంచి తాలూకా వరకు. గోడ మీద మటుకు స్థలం సరిపోయింది. బదిలీ మీద నేను వెళ్లిపోయేనాటికి ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ గుంటలు కనబడుతూనే ఉన్నాయి. మొదటి తరగతి పిల్లలు అక్షరాల మీద వేళ్లు పెట్టి దిద్దుకునేవాళ్లు. ముప్పై ఏళ్ల పంతులు ఉద్యోగంలో నాకు పతకాలు రాలేదు. శాలువాలు వచ్చాయి, అవి పలచనివి. నాకున్న గొప్ప ఆ గోడ ఒక్కటే. అక్కడ రాసింది ఆయనే అయినా, ఆ రాతకు పంతులును నేను.

ఇప్పుడు మొదట్లో ఇచ్చిన మాట. ఎడమచెయ్యి నిజం. కార్డుకు గుండుసూది గుచ్చడం నిజం. కోడిపుంజు నిజం, అది కూసిందో లేదో చెప్పలేను. కల్పించింది ఒక్కటే.

ఆ ఇంకు డబ్బా గుమాస్తాది కాదు. పిల్లల్ని చేర్చే పెద్దల వేలిముద్రలకు ఉంచిన బడి డబ్బా. ఆ రోజు పొద్దున బయలుదేరేటప్పుడు, పెద్దాయనకు తెలియకుండా నేనే సంచిలో వేసుకున్నాను. ఒంటిగంటా నలభైకి దాన్ని తీసి, మూత తెరిచి, "ఒక్క వేలే కదా, ఎవరికి తెలుస్తుంది" అన్నవాడిని నేను. పెద్దాయన అప్పుడు చెప్పిన జవాబు మీకు చెప్పాను. దానికి ముందు ఆయన నావైపు తిరిగి ఇంకో మాట కూడా అన్నాడు. అది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

"నువ్వా, అయివోరూ?"

నేను క్యాలెండరు వంక చూసింది అందుకే. నేను చూడడం మానేసరికి ఆ డబ్బాకు ఎవరో మూత పెట్టేశారు. సన్నటి గుమాస్తా. ముక్కు చివరి కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, డబ్బాను నా సంచిలో పడేసి, తన జేబులోని సొంత కలాన్ని తీసి, మా పెద్దాయన ముందు పెట్టింది ఆయనే.